ఆకుకూరలో మందు.. భీమవరం డాక్టరు

న్యూజెర్సీ సరిహద్దు దాటి న్యూయార్క్ రాష్ట్రంలోకి వెళ్లగానే పెర్ల్ రివర్ అనే చిన్న ఊరు వస్తుంది. న్యూజెర్సీలో ఉంటున్న మన తెలుగువాళ్లలో ఎంతోమంది ఆ ఊరి పక్క నుంచే కార్లలో వెళ్తుంటారు. అక్కడి లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలను ఒక తెలుగువాడు ఎనిమిదేళ్లపాటు నడిపించారని, ఆ ఊళ్లోనే కన్నుమూశారని తెలిసినవాళ్లు మాత్రం తక్కువ. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఇప్పుడు ఆయన్ని తలుచుకోవడానికి ఒక కారణం ఉంది. ఈ మధ్య మనవాళ్లు నలుగురు కలిసిన చోట పిల్లల చదువుల తర్వాత ఎక్కువగా వినబడే మాట అమ్మానాన్నల మతిమరుపు. పసుపు మాత్రలు, గ్రీన్ టీ, బ్లూబెర్రీలు, ద్రాక్షగింజల సారం.. ఏది తింటే మెదడు చల్లగా ఉంటుందని ఒకరినొకరు అడుగుతుంటారు. మొక్కల్లో దొరికే ఇలాంటి పదార్థాల్లో, మనుషుల మీద ఎక్కువగా పరీక్షించి చూసిన వాటిలో ఫోలేట్ ఒకటి. అంటే మన తోటకూరలో, పాలకూరలో, పప్పుల్లో ఉండేదే. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి ప్రపంచానికి ఇచ్చింది సుబ్బారావు గారి బృందం. ఆ పదార్థం మెదడుకు ఎంతవరకు అక్కరకొస్తుంది, ఎక్కడ అక్కరకు రాదు అనేది ఆయన జీవితకథతో ముడిపడిన సంగతే. అందుకే రెండూ కలిపి చెప్పుకుందాం.

మూడోసారికి మెట్రిక్

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం బాగోక ముందే ఉద్యోగం మానుకోవాల్సి వచ్చింది. ఇంట్లో డబ్బుకు కటకట. తల్లి వెంకమ్మ మాత్రం కొడుకు చదివి తీరాలని పట్టుబట్టిన మనిషి. పదమూడేళ్ల వయసులో ఆయన ఇల్లు వదిలి కాశీకి బయల్దేరారట. అక్కడ యాత్రికులకు అరటిపళ్లు అమ్మి బాగా సంపాదించాలని ఆలోచన. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. తల్లి మళ్లీ బళ్లో కూర్చోబెట్టింది.

రాజమండ్రిలో చదువు సరిగా సాగలేదు. మెట్రిక్ రెండుసార్లు పోయింది. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ. ఆ రోజుల్లో మనసు రామకృష్ణ మఠం వైపు తిరిగింది. సన్యాసం పుచ్చుకుంటానంటే తల్లి ఒప్పుకోలేదు. జనానికి సేవ చేయాలంటే వైద్యం చదవడం మంచిదని మఠం వాళ్లే దారి చూపడంతో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. ఫీజులకు స్నేహితులు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు సాయపడ్డారు. 1919లో ఆయన కూతురు శేషగిరినే సుబ్బారావు పెళ్లి చేసుకున్నారు.

అది గాంధీగారి పిలుపు మీద విదేశీ బట్టలు వదిలేస్తున్న కాలం. సుబ్బారావు ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు కోటుతో వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ పట్టా కాదు, ఎల్ఎంఎస్ అనే తక్కువ స్థాయి సర్టిఫికెట్. ప్రభుత్వ వైద్య ఉద్యోగానికి తలుపులు మూసుకుపోయాయి. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పే పనిలో కుదురుకున్నారు.

స్ప్రూ మిగిల్చిన దెబ్బ

ఆ ఇంటిని పట్టి పీడించిన జబ్బు ఒకటుంది. దాని పేరు ట్రాపికల్ స్ప్రూ. మన ఆయుర్వేద వైద్యులు గ్రహణి అని చెప్పే జబ్బుకు దగ్గరగా ఉంటుంది. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు ఆగవు. నాలుక పుండవుతుంది. రక్తం పలచబడి మనిషి నీరసించిపోతాడు. సుబ్బారావు గారి ఇద్దరు సోదరులు ఒకరి వెనక ఒకరు ఈ జబ్బుతోనే పోయారు. ఆయనకూ వచ్చింది. అల్లోపతి చదివిన ఆయన్ని ఆయుర్వేద మందులతో బతికించింది లక్ష్మీపతి గారేనని చెబుతారు.

అప్పటికి ఈ జబ్బు ఎందుకొస్తుందో, ఏ మందు పనిచేస్తుందో ఎవరికీ తెలియదు. శరీరానికి ఏదో అందడం లేదు. అదేమిటి? ఈ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. ఉష్ణదేశాల వైద్యం చదవడానికి అమెరికాలోని హార్వర్డ్‌కు వెళ్లాలని నిర్ణయించుకున్నారు. ఖర్చుకు మామగారు కొంత సమకూర్చారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం చేస్తామంది. సత్యలింగం గారు రంగూన్ వెళ్లి వ్యాపారంలో సంపాదించిన మనిషి. అంటే పరాయి దేశంలో ఒక తెలుగువాడు కూడబెట్టిన సొమ్ము ఇంకో తెలుగువాడిని ఇంకో దేశం చేర్చడానికి అక్కరకొచ్చిందన్నమాట. మూడేళ్లలో తిరిగొస్తానని భార్యకు చెప్పి సుబ్బారావు ఓడెక్కారు. మళ్లీ రాలేదు.

బోస్టన్‌లో బెడ్‌పాన్లు

1920ల మొదట్లో బోస్టన్ చేరేసరికి చేతిలో డబ్బు దాదాపు లేదు. హార్వర్డ్‌లో డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆదుకున్నారు. అయినా తిండికి, అద్దెకు సంపాదన కావాలిగా. మన సర్టిఫికెట్ అక్కడ ప్రాక్టీసుకు చెల్లదు. పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట వార్డు పనికి కుదిరారు. రోగుల బెడ్‌పాన్లు కడగడం, గదులు శుభ్రం చేయడం. పగలు తరగతులు, ప్రయోగాలు. ఇండియాలో డాక్టరై ఉండి ఇక్కడికొచ్చి పెట్రోలు బంకులోనో, కిరాణా కొట్టులోనో పనిచేస్తూ పరీక్షలకు చదువుకున్న మనవాళ్లకు ఈ కష్టం ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

డిప్లొమా పూర్తయ్యాక సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసర్ దగ్గర జీవరసాయన శాస్త్రంలో చేరారు. 1925లో ఇద్దరూ కలిసి రక్తంలో, మూత్రంలో ఉన్న ఫాస్ఫరస్‌ను కొలిచే సులువైన పద్ధతి కనిపెట్టారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది పుస్తకాలకెక్కింది. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని చూపించారు. 1929లో ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది వేరేగా దాన్ని పట్టుకున్నారు. మన ఒంట్లో ప్రతి కణమూ, మెదడు కణంతో సహా, శక్తి కోసం ఆధారపడేది ఏటీపీ మీదే. ఈ ఒక్క పని చాలు ఇంకొకరికి జీవితాంతం పేరు నిలవడానికి. సుబ్బారావుకు 1930లో పీహెచ్‌డీ వచ్చింది గానీ హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం దక్కలేదు.

చట్టం కూడా అప్పట్లో మనవాళ్లకు అనుకూలంగా లేదు. భగత్ సింగ్ థిండ్ కేసులో 1923లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో భారతీయులకు పౌరసత్వం దారి మూసుకుపోయింది. మళ్లీ 1946లో చట్టం మారేదాకా అదే పరిస్థితి. చట్టం మారాక కూడా సుబ్బారావు పౌరసత్వం లేకుండానే పోయారు.

లివర్ నుంచి పాలకూర దాకా

ఆయన బోస్టన్‌లో ఉన్నప్పుడే, 1926లో, ఆ ఊరి డాక్టర్లు మైనాట్, మర్ఫీ ఒక విశేషం బయటపెట్టారు. పెర్నీషియస్ ఎనీమియా అనే ప్రాణాంతకమైన రక్తహీనత ఉన్నవాళ్లకు రోజూ లివర్ పెడితే కోలుకుంటున్నారు. లివర్‌లో ఏముందో తెలియదు. సుబ్బారావు దృష్టి అటు పోయింది. స్ప్రూ రోగుల రక్తం కూడా ఇంచుమించు అలాగే చెడిపోతుంది మరి. లివర్‌లోంచి ఆ మందు పదార్థాన్ని విడదీయాలని ఏళ్ల తరబడి కష్టపడ్డారు.

ఇంకోపక్క మన దేశంలోనే వేరే దారిలో ఆధారం దొరికింది. లూసీ విల్స్ అనే ఇంగ్లిష్ డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనత మీద పరిశోధన మొదలుపెట్టారు. ఆ పేద తల్లుల తిండిలో కూరగాయలు, పళ్లు బాగా తక్కువ. ఈస్ట్‌తో చేసే మార్మైట్ పెడితే రక్తం బాగుపడుతోందని 1931లో ప్రకటించారు. అందులో ఉన్నదేమిటో మాత్రం తేలలేదు.

1941లో టెక్సాస్‌లో మిచెల్, స్నెల్, విలియమ్స్ అనే శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూరను పిండి, వడకట్టి, చిటికెడు పదార్థం తీశారు. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు. ఆకులోంచి వచ్చింది కాబట్టి ఫోలిక్ యాసిడ్ అని పేరు పెట్టారు. బొంబాయిలో విల్స్ వెతికింది, లివర్‌లో ఇతరులు చూసింది, ఆకులో దొరికింది అన్నీ ఒకే కుటుంబానికి చెందినవని మెల్లగా తేలింది.

అయితే టన్నుల ఆకు పిండితే చిటికెడు వచ్చే పదార్థంతో ఎంతమందికి వైద్యం చేస్తారు? దాని నిర్మాణం తెలుసుకుని ఫ్యాక్టరీలో చేయగలగాలి. 1940లో సుబ్బారావు లెడర్లీలో చేరి పరిశోధనకు నాయకుడయ్యారు. స్టోక్‌స్టాడ్, హచింగ్స్, ఏంజియర్ లాంటి రసాయన శాస్త్రవేత్తలను ఒక్క లక్ష్యం మీదికి నడిపించారు. 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసినట్టు ఆ బృందం ప్రకటించింది. మరుసటి ఏడాది దాని నిర్మాణాన్ని కూడా వివరించింది. తాను నడిపించిన పనికి సంబంధించిన ఎన్నో పత్రాల్లో సుబ్బారావు తన పేరే పెట్టుకోలేదు.

ఆ మందును అలబామాలోని డాక్టర్ టామ్ స్పైస్ రోగులకు ఇచ్చి చూశారు. రక్తం కోలుకుంది. స్ప్రూ రోగులూ కోలుకున్నారు. ఇద్దరు తోబుట్టువులను తీసుకెళ్లిన జబ్బుకు చివరికి ఆయన ప్రయోగశాల నుంచే మందు వచ్చింది. ఆయన మనసులో ఏమనుకున్నారో మనం ఊహించుకోవాల్సిందే.

ఒకే మందుకు రెండు ముఖాలు

కణాలు పెరగాలంటే ఫోలేట్ కావాలి. మరి ఫోలేట్‌లా కనబడి దాని పని చెడగొట్టే పదార్థం ఇస్తే, అదుపు తప్పి పెరిగే క్యాన్సర్ కణాలు ఆగుతాయా? బోస్టన్‌లో పిల్లల డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అడిగితే లెడర్లీ బృందం అలాంటివి చేసి ఇచ్చింది. వాటిలో అమినోప్టెరిన్ ఒకటి. ల్యుకేమియా ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ఫార్బర్ రాశారు. పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు మందుందని లోకం నమ్మడం అప్పుడే మొదలైంది. దాని తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్ ఇవాళ కీళ్లవాతం ఉన్న మన పెద్దవాళ్లు ఎంతోమంది వాడుతున్నారు. దానితోపాటే డాక్టర్ ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా రాయడం చాలామందికి అనుభవమే.

ఆయన నడిపిన ప్రయోగశాల నుంచే బోదకాలుకు హెట్రజాన్ వచ్చింది. కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి పంచిన డీఈసీ మాత్రలు అవే. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడా అక్కడిదే.

ఈ విజయాల మధ్య ఒక హెచ్చరిక కూడా వచ్చింది. మన మతిమరుపు సంగతికి ముఖ్యమైనది ఇదే. పెర్నీషియస్ ఎనీమియా రోగులకు ఫోలిక్ యాసిడ్ ఇస్తే రక్తం చక్కబడుతోంది గానీ నరాల జబ్బు ఆగడం లేదని డాక్టర్లు గమనించారు. కొందరిలో కాళ్లు తిమ్మిరెక్కడం, నడక తూలడం ఇంకా ముదిరింది. లివర్‌లో ఇంకేదో ఉందన్నమాట. సుబ్బారావు మొదటి నుంచి వెతికింది ఆ ఇంకేదాన్నే. 1948లో అమెరికాలో మెర్క్ కంపెనీ, ఇంగ్లండ్‌లో గ్లాక్సో కంపెనీ విడివిడిగా దాన్ని పట్టుకున్నాయి. అదే విటమిన్ బి12. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు నిద్రలో గుండెపోటుతో పోయారు. వయసు 53 ఏళ్లు. ఎక్కడో మద్రాసు రాష్ట్రంలో ఆయన కోసం పాతికేళ్లుగా ఎదురుచూస్తున్న శేషగిరమ్మకు కబురు వెళ్లింది.

మరి మతిమరుపు మాటేమిటి?

ఫోలేట్‌కూ మెదడుకూ మధ్య ఉన్న లింకు పేరు హోమోసిస్టీన్. మనం తినే మాంసకృత్తులు ఒంట్లో అరిగేటప్పుడు ఇది పుడుతుంది. దీన్ని మళ్లీ పనికొచ్చే పదార్థంగా మార్చడానికి ఫోలేట్, బి12 రెండూ చేతులు కలపాలి. ఏ ఒక్కటి తగ్గినా హోమోసిస్టీన్ రక్తంలో పేరుకుపోతుంది. అది ఎక్కువున్నవాళ్లలో రక్తనాళాలు, మెదడు దెబ్బతినడం ఎక్కువగా కనబడుతోంది. ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో 1,092 మంది పెద్దవాళ్లను ఏళ్లపాటు గమనించి 2002లో ప్రకటించిన పరిశోధనలో, హోమోసిస్టీన్ 14 దాటినవాళ్లకు అల్జీమర్స్ ముప్పు దాదాపు రెట్టింపుగా తేలింది.

అయితే మాత్ర మింగితే మతిమరుపు ఆగుతుందా? ఇక్కడ తొందరపడకూడదు. పరీక్షలు రెండు రకాలుగా చెప్పాయి. నెదర్లాండ్స్‌లో హోమోసిస్టీన్ ఎక్కువున్న 818 మందికి మూడేళ్లపాటు, కొందరికి రోజూ 800 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మందు వేసుకున్నవాళ్ల జ్ఞాపకశక్తి మెరుగ్గా ఉందని 2007లో రాశారు. ఆక్స్‌ఫర్డ్‌లో, కాస్త మతిమరుపు మొదలైన 70 ఏళ్లు దాటినవాళ్లకు ఫోలిక్ యాసిడ్, బి12, బి6 కలిపి రెండేళ్లు ఇస్తే మెదడు కుంచించుకుపోయే వేగం సగటున 30 శాతం తగ్గిందని 2010లో తేలింది. హోమోసిస్టీన్ ఎక్కువున్నవాళ్లలోనే ఆ లాభం ఎక్కువ.

ఇంకోవైపు చూడండి. అల్జీమర్స్ వచ్చేసిన 400 మందికి పైగా రోగుల మీద అమెరికాలో చేసిన పరీక్షలో పెద్ద మోతాదు ఇచ్చినా జబ్బు నెమ్మదించలేదని 2008లో తేలింది. సుమారు 22,000 మంది మీద జరిగిన 11 పరీక్షలను కలిపి 2014లో లెక్కలు కడితే, బి విటమిన్ల వల్ల జ్ఞాపకశక్తికి చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే తక్కువ ఉన్నవాళ్లకు భర్తీ చేస్తే మేలు ఉండొచ్చు. సరిపడా ఉన్నవాళ్లు ఇంకా పోసుకుంటే ఒరిగేది ఉన్నట్టు రుజువు కాలేదు. వచ్చిన జబ్బును ఇది వెనక్కి తిప్పదు.

మరి మాత్ర కాకుండా ఆకుకూరే తింటే? షికాగోలోని రష్ యూనివర్సిటీ వాళ్లు 960 మంది వృద్ధులను గమనించి 2018లో ఒక లెక్క చెప్పారు. రోజుకు ఒకటి రెండుసార్లు ఆకుకూర తినేవాళ్ల జ్ఞాపకశక్తి, దాదాపు తిననివాళ్లతో పోలిస్తే 11 ఏళ్లు చిన్నవాళ్లకున్నట్టుగా ఉందట. ఆకుల్లో ఫోలేట్ ఒక్కటే కాదు, విటమిన్ కె, ల్యూటిన్ లాంటివీ ఉంటాయి. వినడానికి బాగుంది గానీ ఇది గమనింపు మాత్రమే. ఆకుకూరలు, గింజలు, బెర్రీలతో కూడిన మైండ్ డైట్‌ను 604 మందితో మూడేళ్లు తినిపించి చూసిన పరీక్షలో మాత్రం, మామూలు తిండిని కాస్త తగ్గించి తిన్నవాళ్లకంటే పెద్ద తేడా లేదని 2023లో తేలింది. కాబట్టి ఆకుకూర తినండి, మంచిదే. అదొక్కటే కాపాడుతుందని మాత్రం నమ్మకండి. బీపీ, షుగర్ అదుపులో ఉంచడం, నడక, వినికిడి తగ్గితే మిషన్ పెట్టించడం.. ఇవన్నీ మతిమరుపు ముప్పును తగ్గించే జాబితాలో ఉన్నవే.

మన వంటింట్లో, మన పెద్దవాళ్లకు

పెద్దవాళ్లకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలేట్ కావాలంటారు. ఉడికిన పాలకూర అరకప్పులో సుమారు 130, అలసందలు అరకప్పులో సుమారు 105 దొరుకుతుంది. పప్పులన్నీ మంచి ఆధారమే. ఫోలేట్ నీళ్లలో కరిగిపోతుంది. పాలకూరను ఎక్కువ నీళ్లలో ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోస్తే సగం దానితోనే పోతుంది. ఆకునూ పప్పునూ కలిపి ఉడికించి నీళ్లు వంచకుండా తినే మన తోటకూర పప్పు, బచ్చలికూర పప్పు ఈ లెక్కలో మంచి వంటలే.

అమెరికాలో 1998 నుంచి బ్రెడ్డు పిండి, పాస్తా, ఎన్‌రిచ్డ్ బియ్యం లాంటి వాటిలో ఫోలిక్ యాసిడ్ కలపడం తప్పనిసరి. కడుపులో బిడ్డకు వెన్నుపాము లోపాలు రాకుండా చేసిన ఏర్పాటు ఇది. అయితే ఎన్‌రిచ్డ్ బియ్యాన్ని మన అలవాటు ప్రకారం మూడుసార్లు కడిగితే కలిపింది కాస్తా కొట్టుకుపోతుంది. ఇండియన్ స్టోర్లో కొనే బియ్యం సంచి మీద, గోధుమ పిండి సంచి మీద ఏం రాసుందో ఒకసారి చదవండి. ఎన్‌రిచ్డ్ అని లేకపోతే అందులో కలిపింది లేదనే అర్థం.

అసలు జాగ్రత్త బి12 దగ్గర కావాలి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఇది ఉండదు. పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే ఉంటుంది. శాకాహారులైన మన పెద్దవాళ్లకు పాలు, పెరుగు తప్ప వేరే ఆధారం లేదు. వయసు పెరిగేకొద్దీ ఉన్నదీ ఒంటికి పట్టడం తగ్గుతుంది. షుగర్‌కు వాడే మెట్‌ఫార్మిన్, కడుపు మంటకు వాడే ఒమెప్రజోల్ లాంటివి ఏళ్ల తరబడి వేసుకుంటే ఇంకా తగ్గొచ్చు. బి12 తక్కువైతే పాదాల్లో తిమ్మిరి, నడక తూలడం, చికాకు, దిగులు, మతిమరుపు వస్తాయి. పెద్దాయనకు చాదస్తం పెరిగిందని మనం సరిపెట్టుకుంటాం. అది బి12 లోపమైతే ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో బాగయ్యే అవకాశం ఉంది. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం మిగిలిపోవచ్చు.

1940ల్లో డాక్టర్లు చూసిన ప్రమాదం ఇప్పటికీ పోలేదు. బి12 పరీక్ష చేయించకుండా ఫోలిక్ యాసిడ్ ఎక్కువ మోతాదులో వేసుకుంటే రక్తపరీక్ష బాగానే కనబడుతుంది, నరాలు లోపల్లోపల పాడవుతాయి. కొట్లో దొరికే మెమరీ మాత్రల సీసా మీద ఏముందో చదవకుండా అమ్మానాన్నలకు ఇవ్వకండి. వార్‌ఫరిన్ వాడేవాళ్లు ఆకుకూర ఒక్కసారిగా పెంచకూడదు, డాక్టర్‌కు చెప్పి చేయాలి. మెథోట్రెక్సేట్ వాడేవాళ్లు ఫోలిక్ యాసిడ్ మోతాదును సొంతంగా మార్చుకోకూడదు.

సుబ్బారావు గారి శతజయంతికి 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల వేసింది. ఒక బూజుకు శాస్త్రజ్ఞులు ఆయన పేరు మీద సుబ్బరోమైసిస్ అని పేరు పెట్టారు. నోబెల్ రాలేదు, ఆస్తులు మిగల్లేదు. కానీ గర్భిణి వేసుకునే విటమిన్ మాత్రలో, బోదకాలు మాత్రలో, క్యాన్సర్ వార్డులో ఆయన పని ఇప్పటికీ నడుస్తోంది. ఈసారి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, లేదా మనమే సెలవులకు ఊరెళ్లినప్పుడు, వాళ్లకు బి12 రక్తపరీక్ష చేయించాలని మా మనవి. ఫలితం డాక్టర్‌కు చూపించాక అవసరమైన మందు వాడదాం. పిల్లలకు తోటకూర పప్పు కలిపి పెట్టేటప్పుడు, ఇందులో ఉన్న మందును తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరం డాక్టరేనని చెబుదాం.